మూరెడు తక్కువ కొండ

స్కాట్లండ్ హైలాండ్స్‌లో కొండ అనిపించుకోవాలంటే మూడు వేల అడుగులుండాలి. తగ్గిందా, గుట్టల్లో జమ. 1891లో సర్ హ్యూ మన్రో అనే పెద్దమనిషి ఆ ఎత్తున్నవాటికి జాబితా రాశాడు. ఇప్పుడవి 282. ఒక్కొక్కటీ ఎక్కి టిక్కు పెట్టుకోవడం అక్కడివాళ్లకి వ్రతం. పాపం, ఆ వ్రతం మన్రోకే చెల్లలేదు, పూర్తికాకుండానే పోయాడు.

బెన్ అ ఖ్లైవ్, అంటే గేలిక్‌లో కత్తి కొండ, ఆ జాబితాలో దర్జాగా ఉండేది. 2012లో మళ్లీ కొలిస్తే 44 సెంటీమీటర్లు తక్కువ తేలింది. మన పూలమ్మే ఆవిడ లెక్కలో ఇంచుమించు మూరెడు. మూరెడు మల్లెపూల దగ్గర మనమైతే బేరమాడి వదిలేస్తాం. వాళ్లు ఏకంగా హోదా పీకేశారు.

పదవి ఊడినవాడి గుమ్మంలో రద్దీ ఉండదు కదా అని నేను వెళ్లాను. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినవాణ్ణి, ఇదో లెక్కా! తీరా చూస్తే మెట్లు సరే, దారే లేదు. ఉన్నదంతా పీట్. చచ్చిన నాచు పూర్తిగా కుళ్లకుండా, నీళ్లలో నానుతూ పేరుకున్న నల్ల ముద్ద. పైకి పచ్చటి పరుపు, కాలు పెడితే ఊబి. ఏడాదికి ఓ మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. అర మీటరు దిగబడిన నా కుడికాలు, ఆ లెక్కన, శ్రీకృష్ణదేవరాయల హయాంలో ఆగింది. లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. బోర్లా పడుకుని, మోచెయ్యి దాటేదాకా దూర్చి, రాయలవారి దగ్గర్నుంచి దాన్ని తిరిగి పుచ్చుకున్నాను. ఇచ్చేటప్పుడు బురద 'బ్లక్' మంది.

ఫిర్యాదు చేద్దామంటే, 2003 చట్టం ప్రకారం అక్కడి కొండల్లో బాధ్యతగా ఎవరైనా నడవచ్చు. కూరుకుపోయే హక్కూ అందులోనే కలిసిందనుకుంటాను. 1892లో నైస్మిత్ అనే ఆయన నడకకు సూత్రం కూడా కట్టాడు: మూడు మైళ్లకు గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకూ ఇంకో గంట. బూటు వెతుక్కునే వేళ ఆయన కలపలేదు. మిడ్జ్‌ల సంగతీ ఎత్తలేదు. చూడబోతే దోమకు మునిమనవల్లా ఉంటాయి, కుడితే తాతల్లా.

"పైనుంచి ఏం కనబడిందిరా?" అని అమ్మ ఫోన్లో అడిగింది. మబ్బు లోపల ఎలా ఉంటుందో కనబడింది.

అయినా అంత పెద్ద కొండ మూరెడు కోసం తలదించుకుని ఉండటం చూడలేకపోయాను. దిగేముందు బూట్ల మట్టంతా శిఖరమ్మీదే శుభ్రంగా గీకి వచ్చాను. సర్వేవాళ్లు మరోసారి కొలిస్తే బాగుంటుంది.