రంగంలో మనం కొరంగీలం

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి తగులుతుంది. ఇప్పుడు అక్కడ జనం దిగేది మడ అడవి చూడ్డానికి. చెక్క వంతెన మీద ఓ చుట్టు తిరిగి, ఫోటోలు దిగి, ఆ తర్వాత యానాం దాకా వెళ్ళొస్తారు. యానాం ఎందుకో గోదావరి జిల్లాల వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఈ కోరంగి పెద్ద ఓడరేవు. 1839 తుపాను ఊరిని ఊడ్చిపెట్టేసింది గానీ, పేరు అప్పటికే ఓడెక్కేసింది. ఈ తీరం నుంచి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీ శ్రీకాకుళం వాడైనా, పిఠాపురం వాడైనా అక్కడ 'కొరంగీ'యే అయ్యాడు. రేవులో బస్తా మోసేవాడు కొరంగీ, రిక్షా లాగేవాడు కొరంగీ. ఊరి పేరు కాస్తా ఒక జాతి పేరయింది. పోను పోను ఆ పిలుపులో చులకన కూడా చేరింది.

మా వైపు పాతవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. 'రంగం వెళ్ళాడు', 'రంగం డబ్బుతో కట్టిన ఇల్లు'. పాత మండువా ఇళ్ళలో ద్వారబంధం మీద చెయ్యేసి 'ఇది బర్మా టేకు' అని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఆ టేకు కథ వినిపించినంతగా 1930 మే నెల కథ మన ఇళ్ళలో వినిపించదు.

ఆ నెల రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పనిలోకి దింపాయి. తీరా తెలుగువాళ్ళతో రాజీ కుదిరాక, పనిలోకొచ్చిన బర్మావాళ్ళను పొమ్మన్నాయి. మాటకు మాట పెరిగింది. కత్తులు, కర్రలు లేచాయి. వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళు. ఆ గొడవల వేడిలోంచే 'దో బమా' అనే బర్మా యువకుల ఉద్యమం పుట్టింది. 'బర్మా మనది' అన్నది వాళ్ళ నినాదం. వాళ్ళు తమ పేర్ల ముందు 'తఖిన్' అని పెట్టుకున్నారు. తఖిన్ అంటే దొర. అంతవరకూ తెల్లవాడికే చెల్లిన పిలుపును వాళ్ళు లాక్కుని తమకు తగిలించుకున్నారు.

దీన్నేమనాలి? బర్మావాడి చరిత్రలో అది జాతీయోద్యమం. రేవులో కత్తిపోటు తిన్న తెలుగువాడి వైపు నుంచి చూస్తే జాతి విద్వేషం. రెండూ ఒకే నెలలో, ఒకే రేవులో, ఒకే జనం చేతుల మీదుగా జరిగాయి. కూలీకి కూలీకి పోటీ పెట్టి రాజీ పేరుతో తప్పుకున్న కంపెనీలకు మాత్రం ఏ ముద్రా పడలేదు.

ఈ రోజుల్లో టీవీ చర్చల్లో 'జాతీయవాది', 'జాత్యహంకారి', 'దేశద్రోహి' అని ఒకరి మీద ఒకరు ముద్రలు గుద్దుకుంటుంటే నాకు ఈ రంగూన్ రేవే గుర్తొస్తుంది. మన భాషలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషులో నేషన్ అన్నదానికీ రేస్ అన్నదానికీ మనకున్నది 'జాతి' అన్న ఒక్క మాటే. జాతిపిత అన్నప్పుడు దేశం, జాతి వివక్ష అన్నప్పుడు రంగూ పుట్టుకా, తెలుగు జాతి అన్నప్పుడు భాష, వెనకబడిన జాతులు అన్నప్పుడు కులం. పిల్లికీ ఎలుకకూ జాతివైరం. సంక్రాంతికి భీమవరం బరిలో దింపేది జాతికోడి. ఒకే వేదిక మీద ఒకే వక్త 'మన జాతి గౌరవం' అంటుంటే ముందు వరసలోవాడికి దేశం వినిపిస్తుంది, వెనక వరసలోవాడికి కులం వినిపిస్తుంది, ఇద్దరూ చప్పట్లు కొడతారు. వక్తకు కావలసిందీ అదే.

'ఇద్దరూ ముద్రలు వేస్తున్నారు కదా, ఇద్దరిదీ తప్పే' అని చేతులు దులుపుకోవడం విశ్లేషకులకు సులువైన దారి. నేను ఒప్పుకోను. ఈ ముద్రలు రెండూ ఒక తూకం కావు. 'వివక్ష' అన్నది ఒక పనికి పేరు. ఎవరు, ఎవర్ని, ఎక్కడ, ఏం చేశారో చెప్పాలి. చెప్పలేకపోతే ఆరోపణ నిలవదు. 'ద్రోహి' అన్నది ఒక మనసుకు పేరు. గుండె కోసి చూపించమనడమే. దానికి రుజువు లేదు, కాబట్టి కాదని తేల్చుకునే దారీ లేదు. మొదటి ముద్రను జనం అనవసరంగా వాడరని కాదు, వాడతారు. కానీ దాన్ని పట్టుకుని నిలదీయొచ్చు.

1907లో కాకినాడలో ఏం జరిగిందో చూడండి. వందేమాతరం అన్నందుకు ఒక కుర్రవాణ్ణి కెంప్ అనే ఇంగ్లీషు డాక్టరు చావబాదాడు. ఆ రాత్రి జనం దొరల క్లబ్బు మీద పడ్డారు. కేసులు మాత్రం ఊళ్ళోవాళ్ళ మీద నడిచాయి. ఇక్కడ జాతి వివక్షను చూపించడానికి ఎవడి మనసులోకీ దూరక్కర్లేదు. దెబ్బ కనిపిస్తోంది, కొట్టిన చెయ్యి కనిపిస్తోంది, కేసు ఎటు తిరిగిందో కూడా కనిపిస్తోంది.

అదే కాకినాడలో పదహారేళ్ళ తర్వాత, 1923 డిసెంబరులో, కాంగ్రెస్ మహాసభ జరిగింది. సభలో గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం అందుకున్నాడు. సంగీతం వద్దని అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ అభ్యంతరం చెప్పాడు. పలుస్కర్ ఆగలేదు, పూర్తిగా పాడాడు. ఆ అధ్యక్షుడు ఎవరనుకుంటున్నారు? ఇంగ్లీషు ప్రభుత్వం జైల్లో పెడితే ఆ ఏడాదే బయటికొచ్చిన మనిషి. ఇవాళ్టి స్టూడియో తాసులో తూస్తే ఆయన సాయంత్రం చర్చ అయ్యేలోపు దేశద్రోహి అయిపోతాడు. ఆయన అభ్యంతరం సబబని నేనట్లేదు. పాట దగ్గర తేడా వచ్చినంత మాత్రాన జైలుకెళ్ళిన మనిషి దేశభక్తి కొట్టుకుపోదని ఆనాటి కాకినాడ జనానికి తెలుసు. మర్నాడు ఆయన అధ్యక్షతనే సభ నడిచింది.

ఈ 'దేశద్రోహం' అన్న మాటకూ ఒక పూర్వాశ్రమం ఉంది. దొరల కాలంలో దాని పేరు రాజద్రోహం. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి వందేమాతరం గొడవలో బహిష్కరణకు గురైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు 1908లో 'స్వరాజ్య' పత్రికలో రాత మీద శిక్ష పడింది ఆ నేరం కిందే, 124ఏ సెక్షను కింద. రాజు పోయాడు, సెక్షను పోలేదు. రాజు ఖాళీ చేసిన కుర్చీలో మనం దేశాన్ని కూర్చోబెట్టి, నేరానికి దేశద్రోహం అని తెలుగులో పేరు మార్చాం. అసలు సెక్షనులో ఉన్నది ప్రభుత్వం మీద అప్రీతి కలిగించడం గురించి. ప్రభుత్వం వేరు, దేశం వేరు. ఆ తేడాను మింగేసింది చట్టం కాదు, మన పత్రికల శీర్షికలు. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అన్న మాటే లేదు. కానీ దేశ సార్వభౌమత్వానికీ సమగ్రతకూ ముప్పు తెచ్చే చేతలంటూ 152వ సెక్షను వచ్చి కూర్చుంది. ముద్ర చెక్క పాతదే, అక్షరాలు కొత్తగా చెక్కారు.

ముద్రలు ఎలా అరుగుతాయో చూడాలంటే మన్యం వైపు వెళ్ళాలి. 1879 రంప తిరుగుబాటునూ, 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పోరునూ సర్కారు కాగితాలు 'పితూరీ' అన్నాయి. ఆ రోజుల్లో పితూరీదారు అంటే తుపాకీకి ఎదురెళ్ళేవాడు. ఇవాళ పితూరీ అంటే చాడీ. బళ్ళో పక్కవాడి మీద మాస్టారికి చెప్పేది. ప్రాణాలు తీసిన మాట పిల్లల గొడవల్లోకి జారిపోయింది. పితూరీదారుకేమో 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించారు. అల్లూరిని ఇవాళ జాతీయవాదులు మావాడంటారు, కమ్యూనిస్టులు మావాడంటారు, కులసంఘం అసలు మావాడంటుంది. కొండల్లో ఆయన వెంట నడిచినవాళ్ళు, అటవీ చట్టాలూ రోడ్డు పనుల వెట్టీ బతకనివ్వక తిరగబడ్డవాళ్ళు, వాళ్ళకు ఆ విగ్రహం మీద వాటా అడిగే మైకు అందలేదు.

ఇక కులం. దీన్ని దాటేసి డెల్టాలో జాతి గురించి మాట్లాడితే ఎటకారంగా ఉంటుంది.

అమెరికాలో తెలుగువాడికి అన్యాయం జరిగితే మనకు జాతి వివక్ష వెంటనే అర్థమవుతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో 'నా దేశం నుంచి పో' అంటూ ఒకడు ఒక తెలుగు ఇంజినీరును కాల్చి చంపితే మన ఊళ్ళల్లో పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. అబ్బాయి అక్కడ, గుండె ఇక్కడ. సరైన కోపమే. అదే అమెరికాలో 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు, కాలిఫోర్నియా చట్టసభ అలాంటి బిల్లు తెచ్చినప్పుడు, మనవాళ్ళలో కొందరు 'ఇది మా జాతి మీద దాడి' అన్నారు. కాలిఫోర్నియా బిల్లు చివరికి గవర్నరు వీటోతో ఆగిపోయింది. వివక్షకు గురయ్యేవాడు మనవాడైతే వివక్ష, చేసేవాడు మనవాడైతే మన మీద దాడి!

ఈ పిల్లిమొగ్గ కొత్తది కాదు. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగితే, కుల వివక్షనూ అందులో చేర్చమని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం జాతి కాదు పొమ్మంది మన ప్రభుత్వం. మాట వరకూ తప్పు కాదు. కులం జాతి కాదని, పంజాబు బ్రాహ్మణుడిదీ పంజాబు చమారుదీ ఒకే రక్తమని 1936లోనే అంబేద్కర్ రాశాడు. ఆయన అన్నది కులాన్ని కూల్చడానికి. సర్కారు అన్నది చర్చను మూయడానికి. పైగా 1965 నాటి జాతి వివక్ష వ్యతిరేక ఒడంబడికలో 'పుట్టుక' ఆధారంగా చూపే వివక్షను కూడా చేర్చమన్నది భారతదేశమే. మనం అడిగి పెట్టించుకున్న మాట మన మీదకే వచ్చేసరికి అర్థం కానట్టు నటించాం.

ఇంటి దగ్గర దీనికి మనం వాడే ముద్ర 'కులగజ్జి'. దీనంత గడుసు ముద్ర ఇంకోటి లేదు. కులం పేరుతో అవమానించినవాడికి కాదు, అవమానం జరిగిందన్నవాడికి తగిలిస్తాం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అల్లూరి పేరుతో జిల్లా వచ్చింది, ఎన్టీఆర్ పేరుతో వచ్చింది, అన్నమయ్య పేరుతో, సత్యసాయి పేరుతో వచ్చాయి. ఎక్కడా ఇళ్ళు తగలబడలేదు. కోనసీమకు అంబేద్కర్ పేరు చేరుస్తామన్నప్పుడు మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. కోనసీమ అన్న పేరు మీద మమకారమే తప్ప వేరే ఉద్దేశం లేదని చాలామంది అన్నారు. అందరూ అబద్ధమాడారని నేననను, కోనసీమ పేరు నాకూ ముద్దే. అయితే ఇక్కడ మనసులు తవ్వక్కర్లేదు. ఏ పేరుకు ఇల్లు కాలింది, ఏ పేర్లకు కాలలేదు, ఇది చాలు. తర్వాత నెలల తరబడి సాగిన చర్చలో రెండు వైపులా వినిపించింది మాత్రం 'మీకు కులగజ్జి' అన్న మాటే. కాలిన ఇల్లు చర్చలోంచి మెల్లగా జారుకుంది.

మధ్యలో ఒకమాట. పెళ్ళిచూపుల్లో 'కుర్రాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడు', 'అమ్మాయి చామనఛాయండి, మిగతాదంతా బాగుంది' అనుకునే మనం 'రేసిజం మనది కాదండీ, తెల్లోళ్ళ జబ్బు' అని కూడా అనగలం. ఆయ్.

ముద్ర అన్నిచోట్లా పనిచెయ్యదనడానికి కాటన్ దొరే సాక్ష్యం. ఆయన ఇంగ్లీషు సైన్యంలో అధికారి, సామ్రాజ్యం జీతగాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కు పూర్తి చేయించాడు. పంట పండితే శిస్తు వస్తుందన్న లెక్క కుంపినీకి ఉంది. ఆ లెక్క డెల్టా రైతుకు తెలియక కాదు. అయినా ఊరూరా ఆయన విగ్రహం ఉంది, ఆయన్ను భగీరథుడని తలచుకునే సంస్కృత శ్లోకం ఉంది. అందులో ఆయన్ను 'ఆంగ్లేయ దేశీయుడు' అని చెప్పి మరీ తలచుకున్నారు, దాచలేదు. ఈమధ్య కొందరు దీన్ని బానిస బుద్ధి అంటున్నారు. వాళ్ళను ఒకసారి మే నెలాఖర్లో, కాలవకు నీళ్ళు వదలకముందు, శివారు చేలల్లో నిలబడమనాలి. కెంప్ మీద కోపంతో క్లబ్బు మీద పడ్డవాళ్ళ మనవళ్ళే కాటన్‌కు దండ వేస్తున్నారు. ఇద్దరూ తెల్లవాళ్ళే. జనం చూసింది చేతలను.

ఇప్పుడు డెల్టాలో నాట్లు వేసేది ఎక్కువగా బెంగాల్ నుంచి వచ్చే కూలీలు. రొయ్యల ఫ్యాక్టరీల్లో ఒడిశా వాళ్ళు, కట్టుబడి పనుల్లో బీహార్ వాళ్ళు. అందరికీ కలిపి మనం పెట్టిన పేరు 'హిందీవోళ్ళు'. బెంగాలీ మాట్లాడినా హిందీవోడే, ఒడియా మాట్లాడినా హిందీవోడే. పోయిన సార్వాలో మా ఊరి కాలవ గట్టు టీ కొట్టు దగ్గర ఒకాయన ఫోన్లో వచ్చిన వీడియో చూపించి, 'ఈళ్ళు బంగ్లాదేశోళ్ళంట కదండీ, ఆధార్ చూశారా?' అన్నాడు. చేను గలాయన టీ గ్లాసు కింద పెట్టి, 'నారు ముదిరిపోతందండీ బాబూ, నాటు పడ్డాకా సూద్దాం' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, నాటు పడేదాకా కూలీ, పడ్డాక అనుమానితుడు అన్నమాట.

సాయంత్రం గట్టు మీద ఆ బెంగాల్ కుర్రాళ్ళు కాళ్ళు కడుక్కుంటుంటే నా వచ్చీరాని హిందీలో మాట కలిపాను. మా తాతల కాలంలో మావాళ్ళూ ఇలాగే సముద్రం దాటి కూలికి వెళ్ళారని, అక్కడ మమ్మల్ని కొరంగీలు అనేవాళ్ళని చెప్పాను. అర్థమైందో లేదో తలాడించారు. మరి మీరు మీలో మీరు మమ్మల్ని ఏమని పిలుచుకుంటారు అని అడిగాను. ఒకడు పక్కవాడి వైపు చూశాడు. ఇద్దరూ నవ్వేశారు గానీ, ఎంత అడిగినా చెప్పలేదు.