పాదరసానికి నివాస ధ్రువపత్రం

లోహాల మీద పదో తరగతి సైన్సు పుస్తకం విధించిన నిబంధనలను ఇటీవల ఒడిశాలోని పర్లాకిమిడిలో, మా అక్క మనవడి పక్కన కూర్చుని, ఎంతో శ్రద్ధగా తెలుసుకున్నాను. లోహమైనది మెరవాలి, కొడితే రేకుగా సాగాలి, లాగితే తీగగా రావాలి, కింద పడితే ఖంగుమనాలి, వేడినీ విద్యుత్తునూ తన గుండా పోనివ్వాలి. ఇవి చేతకానిది అలోహం. తెలుగు పుస్తకాల్లో సాగే గుణాలకు స్తరణీయత, తాంతవత అని గంభీరమైన పేర్లున్నాయి. మావాడిది ఒడియా మాధ్యమం కనుక వాడికి లోహం ‘ధాతు’, అలోహం ‘అధాతు’. ధాతువంటే క్రియకు మూలమని వ్యాకరణంలో చదువుకున్న నాకు, దాన్ని సుత్తితో మోదమనడం మొదట కొంత మనస్తాపం కలిగించిన మాట నిజం.

పరీక్ష కూడా చూశాను. మావాడు పెరట్లో బండ మీద ఇనుప మేకు, అల్యూమినియం తీగ, బొగ్గు, గంధకపు ముక్క వరుసగా పేర్చి కొట్టాడు. మొదటి రెండూ బుద్ధిగా చదునయ్యాయి. మిగిలిన రెండూ పొడై లేచి, మా అక్క ఆరేసుకున్న తెల్ల చీర మీద వాలాయి. అంతవరకు శాస్త్రం నిర్దుష్టంగా ఉంది.

చిక్కల్లా దరఖాస్తుదారులు వరుసలో నిలబడినప్పుడు మొదలవుతుంది. పాదరసాన్ని సుత్తి కింద పెడితే అది జారి గడప దాటుతుంది. గడ్డకట్టించి కొడదామంటే సున్నాకు దిగువన సుమారు 39 డిగ్రీల చలి కావాలి, అది మహేంద్రగిరి మీద పుష్యమాసపు రాత్రి కూడా దొరకదు. అయినా దానికి లోహ హోదా దక్కింది. గాలియం 29.8 డిగ్రీలకే కరుగుతుంది కనుక, మా ఊళ్లో చైత్రమాసపు ఉదయం ఘనపదార్థంగా దరఖాస్తు ఇచ్చి, మధ్యాహ్నం పిలుపు వచ్చేసరికి ద్రవమై ఉంటుంది. మామూలు వేళ పెళుసుగా ఉండే జింకు 100 నుంచి 150 డిగ్రీల మధ్య మాత్రమే మెత్తబడి చెప్పిన మాట వింటుంది. ఇటువంటి గుమాస్తాలను నేనెరుగుదును. మరోవైపు అయోడిన్ పలుకులు ఎంత తళతళలాడినా, పెన్సిలు ములికి గుండా కరెంటు పారి టార్చి బల్బు వెలిగినా, వజ్రం రాగిని మించి వేడిని ప్రసరింపజేసినా, వాటి కాగితాలు తిప్పి పంపేశారు.

నేను ఇంత మథనపడడానికి సొంత కారణముంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, పక్కనున్న పాతపట్నం ఇటు, తెలుగు జిల్లాల వైపు మిగిలింది. మా తాతగారి ఇల్లు ఒకవైపు, పొలం ఒకవైపు పడ్డాయి. నిరుడు ఒక ధ్రువపత్రం కోసం వెళితే, అక్కడి ఉద్యోగి నా పేరు ఒడియాలో రాసి, ఊరు తెలుగులో అడిగి, ‘ఇంతకీ మీరు ఎటువైపువారండీ?’ అన్నారు. ఫారంలో రెండే గడులున్నాయి.

ఆయనకు చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. లోహం దెబ్బ తిని కూడా విరగకపోవడానికి కారణం, అందులోని కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువు ఇంటిపేరూ పెట్టుకోకుండా ముద్దంతా తిరుగుతూ ఉండడమే. పొరలు ఎటు జరిగినా అవి పట్టు వదలవు. ఉప్పు పలుకులో అయాన్లన్నిటికీ, అంటే ధన, రుణ ఆవేశాలున్న కణాలన్నిటికీ, స్థానం ఖరారై ఉంటుంది. ఒక్క దెబ్బకు పొర జరిగి, ధనావేశానికి ధనావేశం, రుణావేశానికి రుణావేశం ఎదురుపడి, ఒకదాన్నొకటి నెట్టుకుని పలుకు పగులుతుంది. బంగారం గ్రాము ఉంటే చాలు, సుమారు రెండు కిలోమీటర్ల తీగ వస్తుంది. దాని ఎలక్ట్రాన్లను ఎవరైనా నివాస ధ్రువపత్రం అడిగి ఉంటే మా అక్క మెడలో గొలుసు ఉండేది కాదు.

ఆవర్తన పట్టికలో లోహాలకూ అలోహాలకూ నడుమ మెట్లు మెట్లుగా ఒక గీత ఉంది. ఆ గీతనానుకుని సిలికాన్, జెర్మేనియం, ఆంటిమొని వంటివి కాపురముంటాయి. సిలికాన్ లోహంలా మెరుస్తుంది, బొగ్గులా పగులుతుంది, కరెంటును పోనిచ్చీ పోనివ్వనట్టు పోనిస్తుంది. వీటికి అర్ధలోహాలని పేరు. మొన్నటి పరీక్షలో సిలికాన్ ధాతువా, అధాతువా అని అడిగితే, మావాడు ‘దానికి రెండువైపులా చుట్టాలున్నారు’ అని రాసి వచ్చాడట. మాస్టారు చాలాసేపు ఆలోచించి అర మార్కు వేశారు.