ఉత్తమ ప్రేక్షకుడికి జ్ఞాపిక ఏదీ?

మన నాటక పరిషత్తుల్లో బహుమతి రాకుండా ఇంటికెళ్ళడం చాలా కష్టం. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి సరే. ప్రతినాయకుడికి ఉంది, హాస్యనటుడికి ఉంది, బాలనటుడికి ఉంది, మీసాలు అంటించినాయనకు ఆహార్యం పేరుతో ఉంది, గోడకి ఒక క్యాలెండరు తగిలించి ఇదే మధ్యతరగతి ఇల్లని మనల్ని నమ్మించినాయనకు రంగాలంకరణ పేరుతో ఉంది. వీటిలో ఏదీ రానివాళ్ళ కోసం జ్యూరీ ప్రత్యేక బహుమతి ఉండనే ఉంది. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు మన గుంటూరులోనే, వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. నందులన్నీ స్టేజీ మీదికే వెళ్ళాయి, ఒక్కటి కూడా మెట్లు దిగి మా వైపు రాలేదు.

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించారు. చూసేవాళ్ళు కూడా ఉండే ఉంటారు కదా. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవమైంది, మార్చి 27 ఎలాగూ ప్రపంచ రంగస్థల దినోత్సవం. చూసినవాళ్ళకు మాత్రం క్యాలెండర్లో ఒక పూట కూడా లేదు.

అయితే అందరు ప్రేక్షకులకూ బహుమతి ఇవ్వమని నేను అడగడం లేదు. పెద్ద హాల్లో ప్రేక్షకుడిగా ఉండటం సులువైన పని. చీకటి ఉంటుంది, మనకీ స్టేజీకీ మధ్య ముఖ్య అతిథుల సోఫాలుంటాయి, నచ్చకపోతే వెనకనుంచి జారుకుని టీ తాగి రావచ్చు. బ్రాడీపేటలో మేం వెళ్ళే హాలు అలాంటిది కాదు. మేడ మీద, ఎంత సర్దినా 60 ప్లాస్టిక్ కుర్చీలు, స్టేజీ అంటే రెండు జంపఖానాలు, అంతే. తలుపు ఒక్కటే, అదీ జంపఖానాల పక్కనే. అంటే మధ్యలో లేచి వెళ్ళదలచినవాడు కూతురి పెళ్ళి చెడిపోయిన ఇంట్లోంచి, ఏడుస్తున్న తల్లిని తప్పించుకుంటూ వెళ్ళాలి. ఒకాయన అలాగే వెళ్ళాడు, వెళ్తూ వెళ్తూ ఇంటి అలవాటు కొద్దీ బయట గడియ పెట్టాడు. ఆ తలుపులోంచే రావలసిన వియ్యంకుడు అప్పుడు కిందికి దిగి సిగరెట్టు కాలుస్తున్నాడు. ఆయన పైకొచ్చి గడియ తీసేదాకా ఆ తల్లి ఒక్కతే ఏడుపును సాగదీసి, మధ్యలో పుట్టింటి విషయాలు కూడా తలుచుకుని, మా అందరికీ కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ఆవిడకు ఆ రాత్రి ఉత్తమ సహాయనటి బహుమతి వచ్చింది. అందులో సగం గడియ పెట్టినాయనదని ఇప్పటికీ నా వాదన.

మొన్న మే నెలలో చూసిన నాటిక సంగతి కూడా చెప్పాలి. ఆ హాల్లో మైకుండదు. ఫ్యాన్లు తిరిగితే డైలాగు వినపడదు కాబట్టి మూడో గంట కొట్టగానే ఫ్యాన్లు ఆపేస్తారు. మే నెలలో, గుంటూరులో. నాటకం మొదలవక ముందే ఒళ్ళంతా చెమట, అది కూడా శాలువాలు కప్పే కార్యక్రమం గంటన్నర సాగాక. అంత ఉక్కలో మెడ చుట్టూ శాలువాతో చలించకుండా కూర్చున్న ఆ ఆరుగురు సన్మానితులనూ నేను తక్కువ చేయడం లేదు, వాళ్ళది వేరే రకం నటన.

పరిషత్తు నాటిక కాబట్టి తండ్రి చనిపోవాలి, కొడుకులు ఆస్తి గురించి పోట్లాడుకోవాలి. తండ్రి నవారు మంచం మీద ఆయాసపడుతుండగా నా వెనకాయన ఫోను మోగింది. తీశాడు. "ఆఁ, నాటకంలో ఉన్నా. లేదు, ఇంకా పోలేదు. పోయాక చేస్తా." తండ్రి పాత్రధారి ఇది విన్నాడని ఒట్టేసి చెప్పగలను, ఎందుకంటే ఆ తర్వాత రెండు దగ్గుల్లోనే పోయాడు.

పోయాక అసలు కష్టం మొదలైంది. చిన్న హాల్లో శవం ఊపిరి పీల్చడం మూడో వరుసదాకా కనిపిస్తుంది. ముందు వరుసలో పాప "అమ్మమ్మా, తాతయ్య పొట్ట కదులుతోంది" అంది. "ఊరుకో, కదలనివ్వు" అందావిడ. ఇంతలో ఒక దోమ వచ్చి సరిగ్గా ఆయన ముక్కు మీద వాలింది. పెద్దకొడుకు ఎకరాల లెక్క చెబుతున్నాడు, చిన్నకొడుకు చెల్లెలి కట్నం సంగతి ఎత్తాడు, ఎవరు విన్నారు? 60 కుర్చీలూ దోమనే చూస్తున్నాయి. శవం కనురెప్ప ఒకటి అదిరింది. దోమ కుదురుగా కూర్చుని పని మొదలుపెట్టింది. అప్పుడా అమ్మమ్మ కుర్చీలోంచి కాస్త ముందుకు వంగి, చేతిలో ఉన్న ఆహ్వాన పత్రికతో శవానికి విసరడం మొదలుపెట్టింది. కోడలు పాత్ర వేసినమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి, సరేలే మా బంధువులావిడే అన్నట్టు ఆవిడ పక్కన చేరి ఏడ్చింది. నాటిక అయ్యేదాకా ఆవిడ చెయ్యి ఆగలేదు.

పద్యనాటకాల రోజుల్లో ప్రేక్షకుడికి ఒక హోదా ఉండేది. వన్స్ మోర్ అంటే చచ్చినవాడు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పటి నాటికల్లో పద్యాలూ లేవు, ఒకసారి చాలు అనిపించేలా రాసే జాగ్రత్త రచయితలే తీసుకుంటున్నారు. పోయిన ఆ అధికారానికి బదులుగానైనా వచ్చే పరిషత్తు నుంచి ఉత్తమ ప్రేక్షకుడు, ఉత్తమ ప్రేక్షకురాలు, దగ్గు ఆపుకున్నందుకు ఒక ప్రోత్సాహక బహుమతి పెట్టాలని కోరుతున్నాను. జ్ఞాపిక పెద్దది అక్కర్లేదు, విసురుకోవడానికి వీలుగా ఉంటే చాలు.

ఆ రాత్రి ఉత్తమ నటుడు ఎవరో వేరే చెప్పాలా? శవమే. మరణానంతర దృశ్యంలో ఆయన నిశ్చలత అపూర్వమని న్యాయనిర్ణేత మైకు లేకుండానే పొగిడాడు. శాలువా, జ్ఞాపిక పట్టుకుని, ముక్కు గోక్కుంటూ ఆయన మెట్లు దిగుతుంటే అమ్మమ్మ ఆపింది.

"బాబూ, నువ్వు పోయాక కూడా ఇంకో ఇరవై నిమిషాలుందని ముందే చెబితే ఓడోమాస్ తెచ్చేదాన్ని కదయ్యా."