మైకు కూతగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మైకు కూతగారికి, మైక్ సెట్ వాడు నమస్కరించి వ్రాయునది.

తమరు క్షేమమే. ఆ సంగతి నిన్న సన్మాన సభకు వచ్చినవాళ్లందరికీ తెలిసింది. ఆహ్వాన పత్రికలో పేరు లేకపోయినా ముఖ్య అతిథికంటే ముందే వేదికెక్కుతారు. ఆయన "సభకు నమస్కారం" అనేలోపే తమరు కుయ్యిమంటారు. జనం చెవులు మూసుకుని నావైపు చూస్తారు.

తమరి పుట్టుక నాకు తెలియనిది కాదు. మైకులో పడ్డ మాట బాక్సులోంచి వస్తుంది, అది మళ్లీ మైకులో పడుతుంది. చుట్టుచుట్టుకీ తగ్గిపోతే గొడవ లేదు. తగ్గకుండా తిరిగిందా, తమరు ప్రత్యక్షం. దీనికి డెన్మార్క్ శాస్త్రవేత్త లార్సెన్ పేరు పెట్టారు. మా ఊళ్లో మాత్రం నా పేరే పెట్టారు.

నిన్న తమర్ని పిలిచింది నేనా? పెద్దాయన మైకు తలకాయను గుప్పిట్లో బిగించారు. వెనకవైపు శబ్దాన్ని అణిచేది ఆ జాలీ కింది సందులే. అవి మూసుకుపోతే మైకు నాలుగు దిక్కులా వింటుంది. పైగా ఫొటోలో మొహం కనబడాలని దాన్ని బొజ్జ దగ్గరికి దించారు. నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ పడిపోతుంది. అప్పుడు "ఏమయ్యా, సౌండ్ పెంచు!" అని కేక. మైకు శబ్దాన్ని పెంచే గెయిన్ మీట తిప్పాను. గెయిన్‌కి పెద్దాయన మాటా బాక్సు మోతా ఒకటే, రెండూ పెరిగాయి. సరిగ్గా అప్పుడే ఆయన మైకుతోసహా దిగి, దండ వేయించుకోవడానికి బాక్సు ముందుకొచ్చి నిలబడ్డారు. ఇక తమరు రాకుండా ఉంటారా!

వేదిక మీద మాట్లాడేది ఒక్కరు, తెరిచి ఉంచినవి నాలుగు మైకులు. మిగతావి కట్టేస్తానంటే కార్యదర్శిగారు ఒప్పుకోరు, ఎవరికి ఎప్పుడు మాట పొంగుకొస్తుందో తెలియదట. తెరిచిన మైకులు రెట్టింపైన కొద్దీ కూతకు ముందు నాకు దొరికే వాల్యూమ్ 3 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుందని ఆయనకెవరు చెప్పాలి? ఈలోగా ఒక అల్లుడుగారు వచ్చి "ట్రెబుల్ మొత్తం తీసెయ్" అన్నారు. సన్నటి శబ్దాలన్నీ తీశాను. తమరు పోలేదుగానీ ఉపన్యాసం దుప్పట్లోంచి వచ్చినట్టయింది.

నిజానికి తమరితో నాకు పేచీ లేదు. ఏ ఫ్రీక్వెన్సీలో (శ్రుతిలో) వస్తారో ముందే కబురు పెడితే, శ్రుతికో పుల్ల ఉండే ఈక్వలైజర్‌లో ఆ ఒక్క పుల్ల దించుకుంటాను. రేపు గుడి దగ్గర హరికథ. బాక్సులు జనానికి అడ్డమని కమిటీవాళ్లు హరిదాసు వెనక, మైకు మొహానికి ఎదురుగా పెట్టించారు. తమరికి కుర్చీ వేసినట్టే.

ఇట్లు,
తమరి మూలంగా బాడుగలో కోతపడ్డ
మైక్ సెట్ వాడు

తా.క.: కోసిన డబ్బు అడగడానికి పెద్దాయన ఇంటికెళ్లాను. "మైకు ఎలా పట్టుకోవాలో నాకు నేర్పుతావా?" అన్నారు. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినబడింది.