సిస్టర్ రోసెట్టా థార్ప్: ఏ గాటన కట్టాలో తెలియని గిటార్

రాక్ సంగీత దిగ్గజాలను గౌరవించే అమెరికా సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో తొలి విడత గౌరవాలు ప్రకటించినప్పుడు ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ ఉన్న ఆ జాబితాలో ఒక్క మహిళా గాయని కూడా లేరు. చర్చి పాటకు ఎలక్ట్రిక్ గిటార్‌తో ఊపు తెచ్చిన సిస్టర్ రోసెట్టా థార్ప్‌కు 2018లో, మరణించిన దాదాపు 45 ఏళ్లకు, అక్కడ చోటు దక్కింది. అదీ ప్రదర్శకుల విభాగంలో కాదు, తొలినాటి ప్రభావకుల విభాగంలో, అంటే రాక్‌కు ముందు దారి వేసినవారి వరుసలో. జాతి వివక్ష, లింగ వివక్ష ఇందులో ఉన్నమాట నిజమే గానీ, ఆమె సంగీతాన్ని ఏ గాటన కట్టాలో చర్చికీ, రికార్డు కంపెనీలకీ పాలుపోకపోవడం కూడా అంతే పెద్ద కారణమని నా అభిప్రాయం.

1915లో ఆర్కన్సా రాష్ట్రంలోని కాటన్ ప్లాంట్‌లో జన్మించిన రోసెట్టాకు సంగీతం తల్లి నుంచే వచ్చింది. ఆ తల్లి, కేటీ బెల్ నూబిన్, మాండొలిన్ వాయిస్తూ సువార్త ప్రకటించేవారు. వారి పెంతెకొస్తు సంఘంలో చప్పట్లు, వాయిద్యాలు, చిందులు ఆరాధనలో భాగమే కాబట్టి, లయ వేరు ప్రార్థన వేరు అన్న ఆలోచన ఆమెకు చిన్ననాటి నుంచే లేదు. కానీ 1938లో అవే పాటలను న్యూయార్క్ కాటన్ క్లబ్‌లో, మద్యం గ్లాసుల మధ్య పాడేసరికి విశ్వాసుల్లో చాలామంది నొచ్చుకున్నారు.

1944లో శామీ ప్రైస్ పియానోతో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ వింటే ఆ ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. సాహిత్యం భక్తిగీతం, పియానో నడక మాత్రం బూగీ-వూగీ, అంటే నాట్యానికి ఊపునిచ్చే వేగమైన బ్లూస్ బాణీ. ఆమె గొంతు ఆగిన చోట గిటార్ అందుకుని ఒంటి తీగ మీద, నల్లజాతి అమెరికన్ల లౌకిక గాన శైలి అయిన బ్లూస్ పలుకులతో జవాబిస్తుంది. నల్లజాతి శ్రోతల కోసం బిల్‌బోర్డ్ విడిగా నడిపిన పట్టికలో ఆ పాట 1945లో రెండో స్థానానికి చేరింది. పట్టికే వేరుగా ఉన్నప్పుడు, తెల్లవారి చరిత్ర పుస్తకాలకు ఆ విజయం కనిపించకపోవడంలో వింతేముంది? సంగీతకారులకు మాత్రం ఆమె ఎవరో బాగా తెలుసు. 1947లో జార్జియాలోని మేకన్‌లో పద్నాలుగేళ్ల లిటిల్ రిచర్డ్‌ను తన వేదిక మీద పాడించి, డబ్బిచ్చి పంపింది ఆమే.

1964 మేలో బ్రిటిష్ టీవీ మాంచెస్టర్‌లోని ఒక పాత రైల్వే స్టేషన్‌లో చిత్రీకరించిన కచేరీలో ఆమె గుర్రపుబండి దిగి, పైకోటుతో, ఎత్తుమడమల చెప్పులతో వాన తడిసిన ప్లాట్‌ఫారం మీద తెల్లని ఎలక్ట్రిక్ గిటార్ అందుకుంటారు. పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారం మీద బ్రిటిష్ యువతీయువకులు. పూర్వకాలపు ప్రభావంగా మాత్రమే లెక్కించదగిన వ్యక్తి వాయించే తీరు కాదది. పైగా వయసులో ఆమె చక్ బెర్రీ కంటే పెద్దవారు పదకొండేళ్లే. అయినా ఆయన మొదటి ఏడాదే ప్రదర్శకుల విభాగంలో ఉన్నారు.