కొసరు గారి సముఖానికి

శ్రీ కొసరు గారికి,

తమరి బరువు మహా అయితే పది గ్రాములు. పలుకుబడి మాత్రం రైతుబజారు నడిపే ఎస్టేట్ ఆఫీసరుకి కూడా అంత ఉండదు. 1999 జనవరి 26న దళారుల బెడద తప్పించడానికి రైతుబజార్లు తెరిచినప్పుడు సర్కారు అన్నిటికీ లెక్క రాసుకుంది. రైతుకి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, అద్దె లేని చోటు, హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఉండేలా పొద్దున్నే బోర్డెక్కే ధర. ఇన్ని రాసినవాళ్లు తమరి కోసం ఒక్క గడి గీయలేదు. అయినా బోర్డు వైపు తలెత్తేవాళ్లు పదిమందిలో ఇద్దరైతే, తమరి కోసం చెయ్యి చాపేవాళ్లు పదకొండుమంది.

"నాలుగు రెబ్బలు వెయ్యమ్మా!"

"బోణీ కాలేదు తల్లీ!"

"రెండు వంకాయలు పుచ్చులున్నా తీసుకున్నానా లేదా?"

ఈ సంవాదం జరుగుతున్నంతసేపూ కాటా మీద ఏం జరుగుతోందో చూసే నాథుడు లేడు. ఖాళీ గిన్నె పెట్టాక టేర్ అనే మీట నొక్కి సున్నా చెయ్యాలి. హడావిడిలో అది మరిచారా, గిన్నె బరువు కూడా కూర ధరకే అమ్ముడుపోతుంది. పైనుంచి విసిరిన టమాటాకి అంకె ఒక్కసారి ఎగిరి దిగుతుంది, అది నిలకడగా ఆగాక చదవాలి. కొనేవాళ్ల వైపు తెర ఉన్నా, ఒక్కోచోట దానికి కొత్తిమీర కట్ట ఆనుకుని ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ఆ ముద్ర ఎక్కడుందని అడిగితే మాత్రం, అడిగినవాళ్లనే వింతగా చూస్తారు.

కిలోకి 50 గ్రాముల తేడా అనుకుందాం. ఐదు రకాలు కిలో చొప్పున కొంటే పావుకిలో గల్లంతు. బదులుగా తమరు వేంచేస్తారు, రెండు రెబ్బల కరివేపాకు రూపంలో. ఇంటికెళ్లి "కొసరు వేయించుకొచ్చా" అని చెప్పుకోవడం, చూశారూ, అదీ తమరి మహిమ!

రైతునే అనడం న్యాయం కాదు. తమరి భక్తులు తక్కువవాళ్లా? బెండకాయ కొస మెల్లగా వంచితే టప్పున విరిగింది లేత, వంగి ఊరుకుంది ముదురు. ఒకటి రెండు చూస్తే రాశి సంగతి తెలిసిపోతుంది. వీళ్లు పదిహేను విరిచి, పావుకిలో కొని, తమరిని కూడా వెయ్యమంటారు. సొరకాయ సంగతి మరీ ఘోరం. తొక్క మీద సన్నటి నూగుండి, సైజుకి తగ్గ బరువుంటే అది లేతదే. అయినా గోరు దించందే చేతికి తృప్తి ఉండదు. గోరు దిగినచోట కాసేపటికి మచ్చ పడుతుంది, మచ్చపడ్డ కాయ మిగిలిపోతుంది, ఆ నష్టం రైతు నెత్తినే. వంకాయకి మాత్రం అనుమానం ఉండాల్సిందే, తొడిమ కింద సూదిమొనంత రంధ్రం ఉందేమో తిప్పి చూడాలి. అక్కడెవరూ చూడరు, నిగనిగలాడే పొట్ట చూసి మురిసిపోతారు.

సాయంత్రానికి తమరి అన్నగారు, కుప్ప గారు, దిగుతారు. తూకం లేదు, బోర్డు లేదు, కుప్పకింత అంటారు. పైన ఎర్రటివి నాలుగు, అడుగున మెత్తబడ్డవి. ఆ పూటే పులుసో పచ్చడో చేసేవాళ్లకి అది నిజంగా లాభమే. ఫ్రిజ్‌లో పెడదామనుకుంటే కాదు.

ఇంకో మాట. తమరు తడితో వస్తారు. నీళ్లు చల్లిన కరివేపాకుని కవర్లో అలాగే బిగిస్తే తెల్లారేసరికి నల్లబడుతుంది. ఇంటికి రాగానే గుడ్డ మీద ఆరబెట్టి, పొడిబారాక డబ్బాలో పెడితే వారం ఉంటారు. సంచిలో దుంపలూ సొరకాయలూ కింద, టమాటాలు పైన, అందరికంటే పైన తమరు. అక్కడా సింహాసనమే!

కాబట్టి విన్నపం ఏమిటంటే, బేరం మొదట్లో కాకుండా, కాటా అంకె చదివి, డబ్బిచ్చి, చిల్లర లెక్కపెట్టుకున్నాక దయచేయండి.

ఇట్లు,
సంచీలు పట్టుకున్నవాళ్లం

తా.క.: అల్లం ముక్క కూడా తమరి కుటుంబంలోకి వస్తుందా? అడిగితే కసురుతున్నారు.