మూడు రెక్కల దాతగారి ఫ్యానుకు

సభాభవనం సీలింగు ఫ్యానుగారికి నమస్కారం.

ఒక రెక్క మీద దాతగారి ఇంటిపేరు, రెండో రెక్క మీద సొంతపేరు, మూడో దాని మీద ‘తల్లిదండ్రుల జ్ఞాపకార్థం’. ఎర్ర పెయింటు. మీరు తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడితే గాలి రాదు. నాటకం రోజు ఆ చిక్కు కూడా లేదులెండి. మీ హోరు వేలాడే మైకుల్లో పడుతుందని, వెనక తెర ఊగుతుందని స్టేజీ పక్కనున్న మిమ్మల్ని ఆపేస్తారు. సభంతా చెమటలు తుడుచుకుంటూ పేరు చదువుకుంటుంది.

విజయవాడలోనైనా గుంటూరులోనైనా కళాపోషణ అంటే మీరే. మీ తర్వాత గోడగడియారం, స్టీలు బీరువా. పేరు రాయడానికి జాగా ఉంటే చాలు, దాత దొరుకుతాడు. పద్యనాటకం ఖర్చులో ఆ జాగా ఏదీ? హార్మోనియం సంగతే చూడండి. మన ఉక్కకు ఇత్తడి రీడ్లు చిలుము పట్టి శ్రుతి తప్పుతాయి. ఒక్కో రీడూ తీసి, శ్రుతి పెంచాలంటే కొస దగ్గర, దించాలంటే మొదలు దగ్గర ఆకురాయితో గీకాలి. చెయ్యి కాస్త బరువైతే రీడు పాడు. రోజంతా వంగి కూర్చునే ఆ మనిషి కూలి మీద ఎవరి పేరు రాస్తాం? మేకప్పు మీద రాద్దామంటే నాటకం అవగానే కొబ్బరినూనెతో తుడిచేస్తారు. తెనాలి నుంచి బృందాన్ని తెచ్చే వ్యాను డీజిలు మీద అసలే నిలవదు.

కూచిపూడిని గోల్కొండ నవాబు తానీషా అక్కడి నాట్యమాడే భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడంటారు. ఊరి పేరు ఇప్పటికీ కూచిపూడే. పాపం, ఆయన కాలానికి ఫ్లెక్సీ లేదు.

మీ దాతగారు ఇంకోసారి తలెత్తి చూసుకునేటప్పుడు ఓ మాట చెవిన వేయండి. వస్తువు ఇస్తే విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, మీ బిల్లు దాచుకుని లాభం లేదు. నగదైనా 2,000 దాటితే అంతే. కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలా ఇచ్చినా రాదు. సంస్థకు ఆ మినహాయింపు నమోదు ఉందో లేదో ముందు అడిగి, చెక్కుతోపాటు ‘ఇది మూలనిధికి’ అని లేఖ జతచేయమనండి. ఆ ముక్క లేకపోతే ఈ ఏటి షామియానాకే సరి. 5 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే, అసలు కదలకుండా ఏటా 35,000. హార్మోనియం, తబలా వాళ్లకు శాలువా బదులు కవరు ఇవ్వచ్చు.

ఇట్లు,
స్టేజీ వెనకవాళ్లు

తా.క.: ఈ మధ్య స్విచ్చి వేసినా, కర్రతో తోస్తేగాని మీరు కదలడం లేదట. కెపాసిటరు పోయుంటుంది, 2.5 మైక్రోఫారడ్‌ది. దాతను వెతుకుతున్నారు. పొడి అక్షరాలైతే దాని మీద పడతాయి.